గడియమ్మ నమ్మేసిందట

అది కాదు బావా, నాకొక్క ముక్క చెప్పు. పాచిక వేసింది నువ్వు. మాట్లాడింది నీ మంత్రి. మరి మధ్యలో నమ్మింది నేనెలా అయ్యాను?

వద్దు, జవాబు చెప్పకు. పెదాల మధ్య స్క్రూ పెట్టుకున్నావు, నోరు తెరిస్తే మింగేస్తావు. ఆ తర్వాత అక్క నన్నంటుంది. నువ్వు హాయిగా నీ పని చేసుకో, నేను హాయిగా నిన్ను తిట్టుకుంటాను. పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా నువ్వు మాట్లాడావు, మేం నోళ్ళు తెరుచుకుని విన్నాం. ఇవాళ వంతు నాది.

కళ్ళజోడు వదులైందనే వచ్చాను, అబద్ధం కాదు. ముక్కు మీంచి జారిపోతోంది. కానీ ఒక్క స్క్రూ కోసం భోజనాల టైములో రెండు బస్సులు మారి వస్తానా? మా వీధి మొగలోనే ఇంకో కళ్ళజోళ్ళ షాపుంది. వాడికి మరదళ్ళు లేరు కాబట్టి మర్యాదగా కూడా మాట్లాడతాడు.

ఈ కుర్చీలో కూర్చోనా? కళ్ళు పరీక్ష చేసే కుర్చీ కదా, ఎవరైనా వస్తే లేస్తాలే. ఎవరొస్తారు గనక ఈ ఎండలో. అబ్బ, ఎటు చూసినా అద్దాలే నీ షాపులో! నిన్ను తిడదామని ఎటు తిరిగినా నా మొహమే కనిపిస్తోంది.

సరే, మొదట్నించీ వద్దాం. నన్ను ఈ ఆటలోకి లాగింది ఎవరు? నువ్వే కదా. నేను పెట్టె పట్టుకుని మీ ఇంటికొచ్చి, మీ సోఫాలో కూర్చుని, వారం రోజులు టీవీ వైపు చూశాను. టీవీ ఆపేసి ఉన్నా చూశాను. అక్క నాతో కలిసి ఏడ్చింది. నీకు ఓదార్చడం రాదు. పాపం, నువ్వొచ్చి ఒక తెల్ల కాగితం, పెన్సిలు నా ముందు పెట్టి, "ఒక మనిషిని తయారు చెయ్యి" అన్నావు. ఎలాంటి మనిషి అంటే, "నువ్వు కాని మనిషి ఎవరైనా సరే" అన్నావు.

ఆ ఒక్క మాటకే నేను పెన్సిలు తీసుకున్నాను బావా. అది నీకు తెలీదు.

ఏం చెప్పావప్పుడు? బల్ల చుట్టూ కూర్చుంటాం, తలా ఒక పాత్ర, మీ పాత్ర ఏం చేస్తుందో మీ ఇష్టం, మిగతా లోకమంతా నాది అన్నావు. రాజులు నువ్వే, దొంగలు నువ్వే, వాన నువ్వే, అరిచే కుక్క కూడా నువ్వే. ఏదైనా పని జరుగుతుందో లేదో అనుమానమొస్తే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే జరిగినట్టు, చిన్న అంకె పడితే మూతి పగిలినట్టు. చిన్నపిల్లల ఆటలాగే ఉంది కానీ ఆడేవాళ్ళందరికీ నెత్తి మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి.

అక్కేమో వైద్యురాలయింది. మీ పక్కింటి లెక్కల మాస్టారేమో కత్తివీరుడయ్యాడు. బయట బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి! నేనేమో కోట తలుపు దగ్గర కాపలాదాన్నయ్యాను. ఎంత నవ్వారు మీరు ముగ్గురూ! గాల్లో ఎగరొచ్చు, నిప్పులు కురిపించొచ్చు, ఇదేంటి తలుపు దగ్గర నిలబడతానంటుందీ అని. గడియమ్మ అని పేరు పెట్టింది కూడా నువ్వే. వెటకారానికే పెట్టావు. నాకు నచ్చింది.

అప్పట్నించీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను ఆ తలుపు దగ్గరే నిలబడ్డానా లేదా? వచ్చినవాణ్ణల్లా ఎవరు అంది గడియమ్మ. ఎందుకు అంది. రేపు రండి అంది. రాజుగారి బామ్మర్దిని కూడా గొడుగు లేకుండా బయట నిలబెట్టింది. మాస్టారు ఎన్నిసార్లు చంకలు గుద్దుకున్నాడు, మన కోటకి రాళ్ళు అక్కర్లేదు, గడియమ్మ మొహం చాలని!

మరి అలాంటి గడియమ్మ చేత నువ్వేం చేయించావు?

వానలో మంత్రి వచ్చాడు. శత్రుదేశం మంత్రి. వెనకాల చీకట్లో ఎవరున్నారో కనపడదు. లోపల అందరూ దెబ్బలు తగిలి పడుకుని ఉన్నారు, మాస్టారి కత్తివీరుడు కట్లతో కదల్లేకుండా ఉన్నాడు. మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే. నువ్వు గొంతు తగ్గించి, మెత్తగా, వెన్న రాసినట్టు మాట్లాడటం మొదలుపెట్టావు. నేనేమన్నాను? "నమ్మను, తియ్యను, రేపు రండి" అన్నాను. అన్నానా లేదా?

దాంతో నువ్వు పాచిక తీశావు. "మంత్రికి మాట పరీక్ష" అన్నావు. సరే, వేసుకో అనుకున్నాను. ఇరవై పడింది. బల్ల మీద అది గిర్రున తిరిగి ఆగాక నువ్వు నా వైపు కూడా చూడలేదు బావా. "గడియమ్మ నమ్మేసింది. గడియ తీసింది" అన్నావు. అంతే. పెళ్ళికూతురు లేకుండానే పెళ్ళి చేసేశావు.

తర్వాత ఏముంది, చీకట్లోంచి వాళ్ళొచ్చారు, మాస్టారి వీరుడు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఆయన ఎంత ముచ్చటగా పెంచుకున్నాడు ఆ మనిషిని! మీసాలకి కూడా ఒక కథ రాసుకున్నాడు. కంచే చేను మేసిందన్నాడు నన్ను. ఇంటికెళ్ళాక ఫోను చేస్తే ఎత్తలేదు. నిన్న పొద్దున అక్కకి శుభోదయం పంపాడట, నీకు పంపాడట, నాకు పంపలేదు. పూల బొమ్మలూ, సూర్యోదయాలూ, ఇన్నాళ్ళూ ఎప్పుడు మానేస్తాడా అనుకునేదాన్ని. మానేశాక తెలిసింది, అదీ ఒక మర్యాదేనని.

ఏంటి, నవ్వుతున్నావా? స్క్రూ జాగ్రత్త.

ఇప్పుడు నువ్వు అనబోయేది నాకు తెలుసు. కత్తి దెబ్బకి పాచిక వేస్తే ఒప్పుకుంటావు, మాట దెబ్బకి వేస్తే ఒప్పుకోవా అంటావు. ఒప్పుకోను. నీ రాక్షసుడు కత్తి విసిరాడు, పాచిక పడింది, గడియమ్మ చెయ్యి తెగింది. తెగనీ. చెయ్యి కదా, అది లోకంలో ఉంది, లోకం నీది. కానీ నమ్మడం ఎక్కడుంది? నా బుర్రలో ఉంది. మా పాత్ర ఏం చేస్తుందో మా ఇష్టమన్నావుగా? నా దగ్గరున్నది అదొక్కటే బావా. లోకమంతా నీ చేతిలో పెట్టుకుని, ఆ కాస్త కూడా పాచిక వేసి లాక్కుంటే, ఇంక నేను ఆ బల్ల దగ్గర చేసేదేంటి? టీ కప్పులు తీయడమా?

మంత్రం వేశావనుకో, అది వేరు. కళ్ళలోకి పొగ ఊదాడు, మతి పోయింది, తలుపు తీసింది. ఫర్వాలేదు. అప్పుడు అది గడియమ్మ తప్పు కాదని అందరికీ తెలుసు. మాస్టారు కూడా శుభోదయం పంపేవాడు. కానీ మంత్రం లేదు, మత్తు లేదు. మామూలు మాటలు. మామూలు మాటలకి పడిపోయిందన్నావు దాన్ని.

మాస్టారు బల్ల దగ్గరే ఇంకో మాటన్నాడు, విన్నావుగా. "మనం వంతెన దగ్గర కాపలావాణ్ణి బుట్టలో వేసుకున్నప్పుడు పాచికే వేశాం. వాడు నమ్మనన్నాడా? మనకో న్యాయం, వాడికో న్యాయమా?" అన్నాడు. తన వీరుడు పోయిన మనిషి, నా మీద అంత మంట మీదున్న మనిషి, అయినా నీ పక్షాన న్యాయం మాట్లాడాడు. లెక్కల మాస్టారు కదా, రెండు వైపులా సమానం రావాలి ఆయనకి.

బస్సులో వస్తూ అదే ఆలోచించాను. నిజమే, తలుపు వదిలి వెళ్ళిన ఆ ఒక్కసారీ ఆ వంతెన వాడికి మాయమాటలు చెప్పింది నేనే. పాచిక కూడా నేనే వేశాను, పెద్ద అంకె పడితే చప్పట్లు కొట్టాను. వాడు నమ్మేసి దారిచ్చాడు. తర్వాత వాడి ఉద్యోగం ఏమైందని ఎవరైనా అడిగారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కానీ చూడు బావా, వాడు నీ మనిషి. నీ దగ్గర అలాంటివాళ్ళు వేలమంది. వాడు పోతే ఇంకోడిని నిలబెడతావు, వాడికి ఇంకో మీసం పెడతావు. ఒకడు నమ్మితే ఇంకొకడు నమ్మడు, నీకేం పోయింది? నాకున్నది ఒక్కతే. అది నమ్మితే నేను నమ్మినట్టే.

పోనీ, పాచికే వద్దనటంలేదు నేను. అంత మూర్ఖురాల్ని కాదు. వెయ్యి. ఇరవై పడిందా? "చాలా బాగా మాట్లాడాడు, గొంతు వణకలేదు, కళ్ళు పక్కకి తిప్పలేదు, గడియమ్మకి ఎక్కడా అబద్ధం దొరకలేదు" అని చెప్పు. ఒప్పుకుంటాను. అక్కడితో ఆగు. ఆ తర్వాత తలుపు సంగతి నన్నడుగు. "ఇప్పుడేం చేస్తావు గడియమ్మా?" అని ఒక్క మాట. నిజమని తోచినా కూడా తియ్యకపోవచ్చు మనిషి. తోచినవన్నీ చేస్తున్నామా?

మా ఆఫీసులో చూడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోనులెత్తే ఉద్యోగం నాది, నీకు తెలుసుగా. పొద్దున్నించీ సాయంత్రం దాకా నేను చెప్పేది ఒకటే మాట: "మా మనిషి బయల్దేరాడండీ, దార్లో ఉన్నాడు." బయల్దేరడు. ఎదురుగా కూర్చుని సమోసా ఏదో తింటూ ఉంటాడు. కానీ నా గొంతులో ఇరవై ఉంది బావా! అవతలివాళ్ళు "సరేనమ్మా, థాంక్సమ్మా" అంటారు. కానీ ఒకామె ఉంది, ఐదో అంతస్తు, ముసలావిడ. మొన్న మొత్తం విని, "నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది తల్లీ, నేను మాత్రం మెట్లెక్కి పోతాను" అంది. ఫోను పెట్టేసి మెట్లెక్కింది.

ఆవిడ కావాలి నాకు. గడియమ్మంటే ఆవిడ.

ఏంటలా చూస్తావు? ఒక ఆట కోసం ఇంత రాద్ధాంతమేంటనా? బావగారూ, తమరు ఏమీ ఎరగనట్టు ఆ గుడ్డతో అద్దాలు తుడుస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. అరిగిపోతాయి, పెట్టెయ్యండి.

ఆట కోసం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ తోడల్లుడు ఈ మధ్య ఎన్నిసార్లు వచ్చాడు ఈ షాపుకి? అక్క చెప్పిందిలే. నెలలో మూడుసార్లు పవర్ చూపించుకున్నాడట. ఏం కళ్ళు బావా అవి, పది రోజులకోసారి మారిపోవడానికి! ఈ కుర్చీలోనే కదా కూర్చుంది? ఆ గోడ మీద అక్షరాలు చదువుతూనే కదా నీకు తన గోడంతా వినిపించింది? మారిపోయానన్నాడా? ఒక్క అవకాశమన్నాడా? నువ్వు ఆ పెద్ద లైటు ఆపేసి, పక్కన స్టూలు వేసుకుని, గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నావా?

పాచిక వెయ్యకుండానే పడిపోయావు నువ్వు. నాకు తెలుసు.

నిన్ను అని ఏం లాభం? నేనెన్నాళ్ళు పడ్డాను! ఉద్యోగం పోయిందన్న సంగతి దాచాడు, సరే, లోకంలో చాలామంది దాస్తారు. భయమేస్తుంది, సిగ్గేస్తుంది. కానీ మీ తోడల్లుడు దాచి ఊరుకున్నాడా? లేని ఆఫీసుని కట్టాడు బావా! పొద్దున తల దువ్వుకుని బయల్దేరేవాడు, సాయంత్రం అలిసిపోయి వచ్చేవాడు. కొత్త మేనేజరొచ్చాడన్నాడు. ఆ మేనేజరుకి నత్తి అన్నాడు. నత్తి ఉన్నవాడు కోపమొస్తే నత్తి లేకుండా తిడతాడట, అదీ చెప్పాడు. పక్క సీటు పిల్లకి పెళ్ళి కుదిరిందన్నాడు, మళ్ళీ తప్పిపోయిందన్నాడు. నేను బాధపడ్డాను. లేని పిల్లకి తప్పిపోయిన సంబంధం గురించి నేను అన్నం సయించక లేచాను!

ఆ మేనేజరుతో ఎలా నెగ్గుకురావాలో సలహాలు కూడా ఇచ్చాను. "అలా తలొంచుకుని ఊరుకోకు, గట్టిగా మాట్లాడు" అన్నాను. రెండ్రోజులు పోయాక వచ్చి, నువ్వు చెప్పినట్టే చేశాను, వాడు దిగొచ్చాడన్నాడు. నేనెంత మురిసిపోయానో తెలుసా? ఇంకెవరో నవ్వుకోవచ్చు, నీ ముందు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నా జీవితంలో నేను గెలిచిన ఒకే ఒక్క ఆఫీసు గొడవ అది. ఆ ఆఫీసే లేదు.

కథ నడపడంలో నువ్వు ఆయన కాలిగోటికి చాలవు బావా. నీకు కనీసం పాచిక కావాలి.

అది తెలిసిన రోజునే పెట్టె పట్టుకుని మీ ఇంటికొచ్చాను. అబద్ధమాడాడని కాదు. నేను అన్ని రోజులు, అన్ని సాయంత్రాలు, ఒక్కసారి కూడా అనుమానించలేదే అని. నమ్మడానికి నేనింత తేరగా దొరుకుతానా అని. నీ తెల్ల కాగితం మీద తలుపు కాపలాదాన్ని ఎందుకు రాసుకున్నానో ఇప్పటికైనా అర్థమైందా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆదివారం నీ మంత్రి ఏమన్నాడు? "తప్పు చేసినవాడు తడుస్తూ నిలబడాల్సిందే, కాదనను. కానీ ఎంతసేపో ఒక్క మాట చెప్పమ్మా" అన్నాడు. అన్నాడా? ఆ మాట నాకు మీ తోడల్లుడి దగ్గర్నించి ఫోనులో వచ్చింది, పోయిన నెలలో. అక్షరం పొల్లు పోకుండా. నువ్వు మంత్రి గొంతు పెట్టి చెప్తుంటే నేను అక్క వైపు చూశాను. అక్క ఠక్కున తల దించుకుంది. అక్కకీ తెలుసన్నమాట!

ఏంటీ, ఆ తడబాటేంటి? అనుకోకుండా నోట్లోకొచ్చిందా? నాలుక మీద ఎవరో పెట్టారా?

నువ్వేమనుకున్నావో నేను చెప్పనా? మరదలు మొండిది, మొహం మీద చెప్తే వినదు. ఆటలో ఒకసారి తలుపు తీయిస్తే చెయ్యి అలవాటవుతుంది, రేపు బయట కూడా తీస్తుంది. అదే కదా? చంటిపిల్లకి మందు తేనెలో కలిపిచ్చినట్టు. తప్పనుకోలేదు నువ్వు. నువ్వు మంచివాడివి, అదే వచ్చింది చిక్కు. చెడ్డవాడివైతే ఈ స్క్రూడ్రైవర్లన్నీ కింద పారబోసి వెళ్ళేదాన్ని.

కానీ నీ బుర్రకి ఒక్కటి తట్టలేదు. నువ్వు తెరిపించింది శత్రువుకి! మీ తోడల్లుడి మాటలు మంత్రి నోట్లో పెట్టావు, ఆ మంత్రి లోపలికొచ్చి పడుకున్నవాళ్ళని నరికాడు. రాయబారం అంటే ఇదా? అబ్బో, ఏం ఓదార్పు బావా! తిరిగి రావాలనుకుంటున్న మనిషికి ఇంతకంటే మంచి సిఫార్సు ఎవరిస్తారు?

నవ్వొస్తే నవ్వు. నాకూ వస్తోంది. ఆ రోజు రాలేదు.

సరే, అయింది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. వచ్చే ఆదివారంలోపు ఆ పద్ధతి మార్చు. మా పాత్రల మీద నీ మాటల పాచిక పడితే, అది ఎంత తియ్యగా వినిపించిందో చెప్పాలి తప్ప, మేం ఏం చేశామో చెప్పకూడదు. అది మేం చెప్తాం. కాదంటే నేను రాను. మీరు ముగ్గురూ ఆడుకోండి. నేను నా అద్దె గదిలో కూర్చుని ఆపేసిన టీవీ చూసుకుంటాను.

ఏంటి, స్క్రూ తీశావు నోట్లోంచి? మాట్లాడతావా? ఊఁ, చెప్పు.

...

తప్పు నీదేనంటావా?

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎలా బావా, నేనింకా రెండు మూడు దాచుకున్నాను నిన్ననడానికి.

ఊఁ... ఊఁ... పాచిక చెల్లదంటావు. మాస్టారికి నువ్వే ఫోను చేసి చెప్తావు. వచ్చే వారం మళ్ళీ ఆ వాన దగ్గర్నించే మొదలుపెడతావు. మంత్రి బయటే ఉన్నాడు, గడియ వేసే ఉంది, వీరుడు బతికే ఉన్నాడు. "ఇప్పుడేం చేస్తావు గడియమ్మా" అని నన్నడుగుతావు. అంతేగా?

అంతే. నేనడిగింది అదే.

...

వద్దు బావా.

వద్దులే. తీసిందనే ఉంచు. మాస్టారికి నేనే ఏదో చెప్పుకుంటాను, ఇంకో వీరుణ్ణి చేసుకోమంటాను, మీసాలకి నేను సాయం చేస్తానంటాను. నువ్వు మాత్రం వెనక్కి తిప్పకు.

ఎందుకంటే ఏం చెప్పను. మళ్ళీ అదే వానలో, అదే తలుపు దగ్గర, నువ్వు నన్నే అడుగుతావు కదా. పాచిక లేకుండా. అప్పుడు "తియ్యను" అని చెప్పాలి నేను. గొంతు వణక్కుండా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆటకి ముందు గురువారం మీ తోడల్లుడు వచ్చాడు. నా గదికి. నువ్వు పంపలేదా? నీకు తెలీదా నిజంగా? చూడు, నీకూ చెప్పలేదన్నమాట. గట్టివాడే.

నేను ఆ రోజు కోసం ఎంత తయారై ఉన్నానో తెలుసా? ఇన్నాళ్ళుగా అద్దం ముందు నిలబడి ఒక ఉపన్యాసం నేర్చుకున్నాను. అందులో ఆ నత్తి మేనేజరు కూడా ఉన్నాడు. తను ఏమంటే నేనేమనాలో, ఏడిస్తే ఏమనాలో, కాళ్ళ మీద పడితే ఎటు జరగాలో, అన్నీ. మంత్రులొచ్చినా సరే, మహారాజులొచ్చినా సరే.

ఏమీ అనలేదు బావా. ఒక్క మంచి మాట కూడా మాట్లాడలేదు. క్షమించమనలేదు, మారాననలేదు. నీ మంత్రి పావుగంట ఉపన్యాసమిచ్చాడు, పైన ఇరవై పడాల్సొచ్చింది. తలుపవతల నిలబడి, "నేనే" అన్నాడు. అంతే. "నేనే."

తీశాను.

ఆదివారం నేను మీ బల్ల దగ్గరికొచ్చేసరికి ఆయన నా గదిలో బట్టలారేస్తున్నాడు. దండెం వదులుగా ఉందని బిగించాడు కూడా. నేను వచ్చి మీ మధ్యలో కూర్చుని, గడియమ్మనై, "నమ్మను, తియ్యను, రేపు రండి" అన్నాను. ఎంత బాగుందో ఆ మాట అనడానికి! నేను తీసినా గడియమ్మైనా తియ్యలేదనుకున్నాను. ఎక్కడో ఒకచోట నేను గట్టిగా నిలబడి ఉన్నాననుకున్నాను. నువ్వు పాచిక విసిరినప్పుడు ఒకటి పడాలి, ఒకటి పడాలని చూశాను. పడలేదు. అందుకే నీ మీద అంత కోపమొచ్చింది. నీ తప్పు కూడా ఉందిలే, తప్పించుకోకు. కానీ కోపం మాత్రం అంతా నీది కాదు.

అక్కకి చెప్పకు. ఏడుస్తుంది, తర్వాత సంతోషిస్తుంది, తర్వాత చీర కొంటుంది. నేనే చెప్తాను.

నమ్మావా అని అడుగుతున్నావా? ఆ చూపుకి అర్థం అదేగా.

ఏమో బావా. ఇవాళ పొద్దున తల దువ్వుకుని బయల్దేరాడు. కొత్త ఉద్యోగమట. ఎక్కడా అని నేనడగలేదు. అడిగితే చెప్తాడు. చాలా బాగా చెప్తాడు. నేను నమ్మేస్తాను.